చెప్పినంతే చేసే మరబొమ్మ

ఈ కథను మా లెక్కల పంతులు విశ్వపతిగారు చెప్పగా విన్నాను. వారికి వారి మాతామహులు చెప్పారట. మధ్యలో ఎవరు ఏ మాట చేర్చారో నాకు తెలియదు. కంప్యూటరు చదువులో చేరిన తొలివారమే, "అందరికీ వస్తోంది తాతయ్యా, నాకే రావడం లేదు" అని మా మనుమరాలు చిన్నబుచ్చుకున్ననాడు, ఆమెకు దీనిని విన్నది విన్నట్లు వినిపించాను.

అనగనగా మణిసాలపురం. అక్కడ భద్రశీలుడనే ఆచార్యుని వద్ద ఒక మరబొమ్మ ఉండేది. చెప్పినది చేసేది, చెప్పనిది చేసేది కాదు. దానికి ఆజ్ఞలిచ్చే విద్య నేర్వడానికి మంత్రి మేనల్లుడు జయధ్వజుడు, వైణికుని కూతురు కువలయ ఒకేనాడు చేరారు. ఇద్దరికీ ఆ విద్య కొత్తే.

"బొమ్మచేత రాజుగారికి తాంబూలం అందింపజేసినవారికే నా పీఠం" అన్నాడు ఆచార్యుడు.

మొదటిసారి కువలయ, "ఆకుకు సున్నం రాయి" అంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా బొమ్మ రాస్తూనే ఉంది. జయధ్వజుడు పకపక నవ్వాడు.

"ఎప్పుడు ఆపాలో నేనే చెప్పలేదు, అన్నా. దాని తప్పేముంది?" అందామె.

రెండవసారి వక్క పెట్టకముందే బొమ్మ ఆకు మడిచింది. అతని నవ్వు పెదవి దాటలేదు. మూడవసారి ఆకు చక్కని చిలకలా కుదిరింది. అతనికి నవ్వే రాలేదు.

అతని చిలకా బాగానే కుదిరింది. కాని గురువు ఆమెతో అన్న "భేష్, అమ్మాయీ" అనే మాట ముల్లై గుచ్చుకుంది.

'వీణ తీగలు తుడిచే చేతికి పీఠమా?' అనుకున్నాడు. రాజసభలో తొలి వంతు ఆమెదే. అందుకని ముందునాటి సాయంత్రం బొమ్మ చెవిలో ఊదాడు: "రేపు సభలో మొదట నోరు విప్పినవారి మాట వినకు."

రాజు తాంబూలం అందుకునేవరకు పరీక్షకు నిలిచినవారు తప్ప ఎవరూ మాట్లాడరాదని ఆ సభ ఆచారం. కువలయ నిశ్శబ్దంగా ముందుకు వచ్చింది. జయధ్వజుడు సంతోషం పట్టలేకపోయాడు.

"కానివ్వమ్మా, సున్నం గిన్నె నిండుగానే ఉంది" అన్నాడు.

ఆమె ఆజ్ఞలిచ్చింది. తాంబూలం రాజు చేతికి చేరింది. తరువాత అతడు ఎంత చెప్పినా బొమ్మ కదలలేదు.

"దీనికి చెవుడు వచ్చింది, ఆచార్యా."

"నిన్న చివర ఎవరు ఏ ఆజ్ఞ ఇచ్చారో చెప్పు" అన్నాడు గురువు బొమ్మతో. బొమ్మ సభ అంతటికీ వినబడేట్టు చెప్పింది.

కువలయ పీఠమెక్కింది. భద్రశీలుడు తీర్థయాత్రలకు వెళ్ళాడు. జయధ్వజుడు ఏడాదిపాటు ముఖం చాటేసి, చివరకు ఆమె వద్దనే శిష్యుడై సున్నం రాయించడం మళ్ళీ మొదలుపెట్టాడు. బొమ్మకు ఎవరిపైనా కోపం లేదు. మా మనుమరాలు మరునాడు తరగతికి వెళ్ళింది.

పరుల దారికి అడ్డంగా వేసిన ముల్లు మొదట వేసినవాని కాలినే వెదకుతుంది.