మంగత్త మాట దాటిన చెడుగుడు జట్టు

పిల్లలూ, ఇలా దగ్గరికి జరగండి. ఇప్పుడంటే ఆ అడవి వాగు ఒడ్డంతా కంపచెట్లు మొలిచాయి గానీ, అనగనగా ఒకప్పుడు అక్కడ తెల్లటి ఇసుక ఉండేది. ఆ ఇసుకలో జంతువులు చెడుగుడు ఆడేవి. ఎండ చల్లబడితే చాలు, కూత కొండ దాకా వినిపించేది. కొమ్మల మీద కొందరు, ఒడ్డున కొందరు చేరి కేకలు పెట్టేవారు. ఆ సాయంత్రాలే వేరు!

ఆ జంతువుల జట్టుకు పెద్ద గున్నయ్య అనే ఎలుగుబంటి. ఎవరు ఆడాలో, ముందు ఎవరు కూతకు వెళ్ళాలో ఆయనే చెప్పేవాడు. పోలయ్య అనే వడ్రంగిపిట్ట ఎండు మాను మీద టకటకా కొట్టి అందరినీ ఆటకు పిలిచేవాడు. మంగత్త అనే ముంగిసకు ఆకుపసర్లు తెలుసు. దెబ్బ తగిలినవాళ్ళు మళ్ళీ ఎప్పుడు బరిలోకి దిగాలో ఆమె చెప్పేది.

ఒకరోజు సింగడు అనే కొండముచ్చు గున్నయ్య దగ్గరికి వచ్చాడు.

"తాతా, ఎప్పుడూ పోలయ్య మామే పిలవాలా? మేము పిలవకూడదా? మనమంతా ఒక్కటే కదా!" అన్నాడు.

"అవును తాతా, మాకూ కావాలి!" అన్నాయి వాడి వెనకే వచ్చిన మిగిలిన జంతువులు.

గున్నయ్యది మెత్తటి మనసు. కాదంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారనుకున్నాడు.

"సరేరా! ఇవాళ్టి నుంచి ఎవరు ఏ పనైనా చేయొచ్చు. ఎవరి మాటైనా చెల్లుతుంది" అన్నాడు.

అందరూ ఎగిరి గంతేశారు. మంగత్త ఒక్కతే తల అడ్డంగా ఊపింది.

"అన్నా, ప్రేమంటే అందరికీ పంచొచ్చు. అన్ని పనుల్లోనూ అందరికీ అధికారం ఇస్తే ఎలా?"

"అందరూ మనవాళ్ళేగా మంగా!" అని నవ్వేశాడు గున్నయ్య.

మర్నాడు పొద్దున్నే కుందేలు మాను కొట్టి ఆటకు పిలిచింది. సాయంత్రం అడవిపంది కొట్టి పిలిచింది. సగం మంది పొద్దున వచ్చి వెళ్ళిపోయారు, సగం మంది సాయంత్రం వచ్చారు. ఆట సాగలేదు. "పోనీలే" అనుకున్నారు.

ఇంకో రోజు ముందు కూతకు పందిని వెళ్ళమన్నాడు గున్నయ్య. "కాదు, కుందేలే వెళ్ళాలి" అంది నెమలి. రెండూ ఒకేసారి గీత దగ్గరికి పరుగెత్తి ఢీకొన్నాయి. మూతులు వాచాయి. అప్పుడూ "పోనీలే" అనుకున్నారు.

తర్వాత చుక్కి వంతు వచ్చింది.

చుక్కి ఒక దుప్పి. కూతకు వెళ్ళిందంటే అవతలివాళ్ళకు చెమటలు పట్టేవి. అవతలి కొండ జట్టుతో ఆట ఉందనగా దాని కాలు బెణికింది. మంగత్త పసరు రాసి కట్టు కట్టింది.

"ఈ కాలు నయమయ్యే దాకా బరిలోకి దిగొద్దు తల్లీ" అని చెప్పి, ఇంకొన్ని ఆకుల కోసం కొండెక్కింది.

ఆట రోజు చుక్కి దిగులుగా కూర్చుంది. సింగడు పక్కన చేరాడు.

"చుక్కక్కా, నువ్వు లేకపోతే ఓడిపోతాం. ఇప్పుడు నా మాటా చెల్లుతుందిగా? నేను చెబుతున్నా, ఆడు!"

చుక్కికీ కావలసింది అదే. కట్టు విప్పేసి గీత దగ్గర నిలబడింది.

గున్నయ్య చూశాడు. "మంగ ఒప్పుకుందా అమ్మా?"

"సింగడు ఒప్పుకున్నాడు తాతా!"

గున్నయ్య ఏదో అనబోయాడు. ఎవరి మాటైనా చెల్లుతుందని తనే అన్నాడు కదా! గీత దగ్గర నుంచి పక్కకు జరిగాడు.

చుక్కి కూత పెట్టింది. ఇద్దరిని తాకింది. గిర్రున వెనక్కి తిరిగింది. అంతే, కాలు మడత పడి కూలిపోయింది. కూత ఆగిపోయింది, ఆటా పోయింది.

అప్పుడే కొండ దిగిన మంగత్త పరుగున వచ్చి కాలు పట్టి చూసింది.

"నడవగలదు. ఇక కూతకు మాత్రం వెళ్ళలేదు" అంది.

సింగడు బావురుమన్నాడు. "అక్కా, నీ మేలు కోరే చెప్పాను!"

"తెలుసురా. నాకూ ఆడాలనే ఉంది, నీకూ నేను ఆడాలనే ఉంది. వద్దని చెప్పడానికి ఇంకొకరు ఉండాలిరా. మనం ఆ మాట తీసేశాం" అంది చుక్కి.

గున్నయ్య అందరినీ పిలిచాడు. "తప్పంతా నాది. ఇకమీదట అన్నీ నేనే చూసుకుంటాను. పిలుపూ నాదే, మందూ నాదే."

చుక్కి కుంటుకుంటూ ముందుకొచ్చింది. "తాతా, నీకు పసర్లు తెలుసా? అందరికీ అన్నీ ఇవ్వడం తప్పయితే, ఒక్కరే అన్నీ పట్టుకోవడమూ తప్పే."

గున్నయ్య ఆలోచించాడు. "నిజమే తల్లీ. పిలుపు పోలయ్యది. జట్టును దించే పని నాది. కాళ్ళూ చేతుల సంగతి మంగది. మంగ వద్దంటే, నేను దిగమన్నా ఎవరూ దిగకూడదు. కూత గురించి నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. కూత నేర్పే పని నీది."

చుక్కి మొదట నేర్పింది సింగడికే. వానలు వెళ్ళేసరికి సింగడు అందరికంటే బాగా కూత పెట్టసాగాడు. కొండ జట్టు మళ్ళీ వచ్చింది. సరిగ్గా అప్పుడే సింగడి భుజం బెణికింది.

"మంగా, ఈ ఒక్కసారికీ..." అని బతిమాలాడు గున్నయ్య.

"వద్దు, అన్నా!"

గున్నయ్య సింగడి వైపు తిరిగాడు. "కూర్చోరా సింగా" అన్నాడు. ఆ రోజూ ఓడిపోయారు. తల వంచుకుని ఇంటిదారి పట్టారు. అయినా ఎవరూ మంగత్తను పల్లెత్తు మాట అనలేదు.

చలి తగ్గాక ఒక సాయంత్రం మంగత్త సింగడి చెయ్యి పైకెత్తి చూసింది, తిప్పి చూసింది. చెయ్యి పట్టుకుని తనే గీత దాకా నడిపించింది.

"వెళ్ళరా. ఇక తనివితీరా ఆడు!"

"దమ్ము వదలకురా సింగా!" అని ఒడ్డు మీంచి అరిచింది చుక్కి.

సింగడు కూత పెట్టాడు. వాగు దాటి, చెట్లు దాటి వినిపించిందట ఆ కూత. అది విన్న జంతువులు ముసలివయ్యాక కూడా ఆ సాయంత్రం మాట వస్తే నవ్వుతూనే కళ్ళు తుడుచుకునేవట.

నీతి: ప్రేమను అందరికీ సమానంగా పంచాలి, అధికారాన్ని మాత్రం ఆ పని తెలిసినవారికి, ఆ పని మేరకే ఇవ్వాలి.