నాలుగు పొట్టల మైలన్న

చింతలమెట్ట కింది పల్లెకు ట్రాక్టరొచ్చిన ఏడాది, మైలన్న అనే బండెద్దుకు పని పోయింది. తెలగపిండి మేత మాత్రం పోలేదు. రెండేళ్లలో ఎంత లావయ్యాడంటే, తోక వైపు వాన కురుస్తుంటే కొమ్ముల వైపు ఎండ కాసేది!

ఊరంతా నవ్వింది. మైలన్నకు నవ్వు రాలేదు. పదేళ్లు ఒకే కాడి కింద నడిచిన కర్రెన్న ఇప్పుడు మెట్ట పైన ఉంటున్నాడు. రోజూ పొద్దున్నే వాడి మెడగంట వినబడేది. ఒకప్పుడు రెండు గంటలూ కలిసి మోగేవి. బండి బురదలో దిగబడితే, "నువ్వు ఊపిరి పీల్చుకోరా, నేను లాగుతా" అనేవాడు కర్రెన్న. వాణ్ణి చూసొద్దామంటే, నాలుగడుగులు ఎక్కేసరికి మైలన్నకు ఆయాసం.

అది కనిపెట్టి నక్క జిత్తయ్య వచ్చాడు.

"లావు తగ్గాలంటే పొట్ట కోత ఒక్కటే దారి బావా! నీకు నాలుగు పొట్టలు కదా, మూడు కుట్టేస్తా. రేపు సాయంత్రం తాడు తెస్తా. కాళ్లు కట్టించుకుని పడుకో, చాలు. ఎల్లుండికి దూడవైపోతావు."

"నొప్పి?"

"చీమ కుట్టినంత!"

ఎండుగడ్డి మింగినట్టే ఆ మాటల్నీ మింగేశాడు మైలన్న. మర్నాడు మధ్యాహ్నం నెమరు వేస్తుంటే గడ్డితోపాటు అవీ పైకొచ్చాయి. నమిలితే ఎక్కడో రాయి తగిలింది. పక్క కొట్టంలోని గేదె పోలమ్మను అడిగాడు.

"పోలమ్మత్తా, నువ్వు కోత చేయించుకున్నావుగా?"

"కొంగ డాక్టరు దగ్గర. ఆర్నెల్లు తిప్పాడు ఆ ముక్కుపొడుగోడు! ఏం తింటావు, దిగులేస్తే తింటావా, గుండె ఎలా ఉంది, తోడెవరు... ఇప్పటికీ కొంచెం కొంచెమే తింటాను, మందులు మానను. నా ప్రాణం హాయిగానే ఉంది. నీకు సరిపడుతుందో లేదో నేనెలా చెప్పనురా? కోసేవాణ్ణి అడుగు."

సాయంత్రం జిత్తయ్య తాడుతో దిగాడు.

"రెండే మాటలు జిత్తయ్యా. నెమరు వేసే పొట్ట కుడతావా, ఉంచుతావా?"

"నెమరా? అదంతా కొవ్వు బావా! కోసి పారేస్తా."

మైలన్న నెమరులో వచ్చేది గడ్డి ఒక్కటేనా? పాత బండిదారి, బురద, కర్రెన్న గంట, అన్నీ అందులోనే వచ్చేవి.

"పోనీ, కోత తర్వాత నన్ను చూసుకునేదెవరు?"

"తర్వాతా? మా ఇంటిల్లిపాదీ లేరూ! అందరికీ వారం రోజులు సరిపోతావు..."

జిత్తయ్య నాలుక కరుచుకున్నాడు.

"ఓహో! అయితే కాస్త నెమరేసుకుని చెప్తా" అంటూ మైలన్న ఉన్న బరువంతా వేసి కూర్చున్నాడు, సరిగ్గా నక్క తోక మీద. జిత్తయ్య అరుపుకి ఏడు కొండల అవతల పిట్టలు లేచిపోయాయి. నాలుగు పొట్టల మేతా నమలడం పూర్తయ్యేదాకా మైలన్న లేవలేదు. ఆ తోక ఇప్పటికీ అప్పడంలాగే ఉంటుంది, కావాలంటే వెళ్లి చూడండి.

మర్నాడు మైలన్న వెళితే, కొంగ డాక్టరు ప్రశ్నలతో చెవులు అరగదీశాడు.

"దిగులేస్తే తింటావా?"

"మెట్ట మీద గంట వినబడ్డప్పుడల్లా" అన్నాడు మైలన్న, తలొంచుకుని.

కొంగ ముక్కుతో మెట్ట వైపు చూపించాడు. "కోత నీకు కావాలో వద్దో ఆర్నెల్లు చూసి తేలుద్దాం. ఈలోగా గంట వినబడగానే తొట్టి వైపు కాదు, గంట వైపు నాలుగడుగులు వెయ్యి."

వేశాడు. ఐదోది కూడా వేశాడు.

ఒంటి మీద కత్తి పెట్టించుకునే ముందు, కత్తి పక్కన పెట్టాక నా సంగతేమిటని అడగాలి. జవాబు లేనివాడి ముందు పడుకోకూడదు.