కిర్రుమనే మంచు

ఒకప్పుడు మంచుకు చప్పుడంటే ఏమిటో తెలియదు. కురిసినా, కప్పు మీంచి జారినా, ఎవరు తొక్కినా కిమ్మనేది కాదు.

ఆ రోజుల్లో ఉత్తరాన, ఇక దాని తర్వాత ఊరే లేదనిపించే చోట, ఒక చిన్న ఊరుండేది. నలభై ఇళ్లు, ఒక కొట్టు, ఒక బడి. ఏడు నెలలు చలికాలమే. నడి చలికాలంలో సూర్యుడు అసలు రాడు. మధ్యాహ్న భోజనానికి కూడా దీపం వెలిగించుకోవాలి.

ఆ ఊళ్లో మారిత్ అనే ఆవిడకు ఎల్లి అనే ఏడేళ్ల కూతురుండేది. ఎల్లిని బడికి తయారుచెయ్యడమంటే మారిత్‌కు తల ప్రాణం తోకకు వచ్చేది. రెండు జతల మేజోళ్లు, ఉన్ని లాగు, దాని మీద ఇంకో లాగు, కోటు, బూట్లు, గ్లవ్స్, టోపీ. అన్నీ తొడిగి ఆఖరి బొత్తాం పెట్టేసరికి ఎల్లి మెల్లగా అనేది, "అమ్మా, ఒంటేలొస్తోంది."

మళ్లీ అన్నీ విప్పాలి.

బడి పన్నెండిళ్ల అవతలే. అయినా మారిత్ మనసు ఊరుకునేది కాదు. చీకట్లో పిల్ల కనబడదు, మంచులో అడుగులు వినబడవు. ఎంతవరకు వెళ్లిందో ఎలా తెలుస్తుంది? గాలిని అడిగితే, తనకు సముద్రం మీద పనుందని వెళ్లిపోయింది. బొంతకాకిని అడిగితే, ఎర్ర టోపీలు తొమ్మిది కనబడ్డాయి, అందులో నీ పిల్లది ఏదో నాకేం తెలుసంది.

ఒకరోజు బడి వదిలినా ఎల్లి ఇంటికి రాలేదు. మారిత్ లాంతరు పట్టుకుని బడిదాకా పరుగెత్తింది. కొట్టుదాకా వెళ్లింది. పేరు పెట్టి పిలిచింది. కురుస్తున్న మంచు ఆ పిలుపును మింగేసింది.

చివరికి పిల్ల దొరికింది ఎక్కడో కాదు. సొంత గుమ్మానికి ముప్పై అడుగుల దూరంలో, పడిపోయిన గ్లవ్ కోసం ఒక మంచుదిబ్బ వెనక తిరుగుతోంది. వేళ్లు పుల్లల్లా బిగుసుకుపోయాయి. మారిత్ ఆ దిబ్బ పక్కనుంచే రెండుసార్లు వెళ్లింది. అమ్మ అడుగులు పిల్లకు వినబడలేదు, పిల్ల అడుగులు అమ్మకు వినబడలేదు.

ఆ వేళ్లను గోరువెచ్చని నీళ్లలో పెట్టి, అవి మళ్లీ ఎర్రబడ్డాకే మారిత్ బయటికి వచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని మంచును నిలదీసింది.

"నా పిల్లా నీ మీదే నడిచింది, నేనూ నీ మీదే నడిచాను. ఇద్దరం ఎక్కడున్నామో నీకు తెలుసు. ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

మంచు గొణిగింది. తన పని కప్పడమేనట. కింద విత్తనాలు, గుహల్లో ఎలుగులు నిద్రపోతున్నాయట. తను నోరు విప్పితే అవన్నీ లేచి కూర్చుంటాయట.

అయితే నువ్వు చెప్పేదాకా నేను అడుగుతూనే ఉంటానంది మారిత్. అన్నంత పనీ చేసింది. మర్నాటినుంచి పిల్ల వీధిలోకి వెళ్లగానే మెట్టు మీద కూర్చునేది. కొట్టు దాటిందా? గ్లవ్స్ రెండూ ఉన్నాయా? ఎవరితోనైనా పోట్లాడుతోందా? ముక్కు కారుతోందా? మంచు వినబడనట్టు పడుకునేది. మారిత్ చీపురుతో తట్టి, మళ్లీ మొదటినుంచి అడిగేది.

మూడో వారానికి మంచుకు విసుగెత్తిపోయింది.

"తల్లీ, నీకో దండం. ముక్కు సంగతి నాకు తెలియదు. ఎవరైనా నా మీద అడుగు వేస్తే మాత్రం అరుస్తాను, ఇక నన్ను వదిలెయ్. కానీ చలికాలమంతా అరిస్తే ఎలుగుల గతేమిటి?"

మారిత్ దానికీ ఒక దారి చెప్పింది. "చలి కాస్త తగ్గినప్పుడు ఊరుకో. వేళ్లు కొరికే చలిలో అరిస్తే చాలు."

అంత చలిలో ఎలుగులు ఎలాగూ గాఢనిద్రలో ఉంటాయి కదా అని మంచు ఒప్పుకుంది.

మర్నాడు ఎల్లి మెట్టు దిగగానే కాలికింద కిర్రుమంది. ఇంకో అడుగు వేస్తే ఇంకో కిర్రు. ఊరంతా కిర్రుచెప్పులు తొడుక్కున్నట్టుంది. సాయంత్రం ఇంటికి రాకుండా గడ్డకట్టిన సరస్సు వైపు మళ్లిందో లేదో, వంటింట్లోంచే అమ్మ గొంతు వినబడింది.

"ఎల్లీ, అటు కాదు."

అప్పటినుంచే ఆ ఉత్తరపు ఊళ్లలో చలి ముదిరితే మంచు కాలికింద కిర్రుకిర్రుమంటుంది, చలి తగ్గితే నోరు మూసుకుంటుంది. పిల్లలు దాన్ని చాడీకోరు అని తిట్టి, ఒళ్లు మండి బూటుకాలితో ఒక్కటి తొక్కుతారు. అది ఇంకా గట్టిగా అరుస్తుంది.