నీటిపిల్లి ఫోటో

మడ అడవి పక్కనున్న ఒక ఊరి బడిలో జోగిరాజు అనే సైన్సు మాస్టారు ఉండేవాడు. ఒక్క నిమిషం కుదురుగా కూర్చోవడం ఆయనకు చేతనయ్యేది కాదు.

ఆ ఊరి పాయను పూడ్చి రొయ్యల చెరువులు తవ్వుకుంటామని కొందరు అర్జీ పెట్టారు. పాయలో నీటిపిల్లులు తిరుగుతున్నాయని, చేపలు పట్టి తినే ఆ అడవిపిల్లులకు చట్టం రక్షణ ఉందని, దాన్ని పూడ్చవద్దని జాలర్లు మొరపెట్టుకున్నారు. మర్నాటి విచారణకు ఏదైనా రుజువు తెమ్మన్నారు అధికారులు. తన కొత్త ఫోను మసక చీకట్లో ఎగిరే దోమనైనా పట్టేస్తుందని, ఫోటో తెచ్చే పూచీ తనదని జోగిరాజు మాట ఇచ్చాడు.

పొద్దు వాలే వేళ నూకరత్నం ఆయన్ని తన నావలో తీసుకెళ్లింది. ముప్పై ఏళ్లుగా ఆ పాయలో పీతలు పట్టి బతుకుతున్న మనిషి ఆమె. జోగిరాజు కాసేపు కూర్చునేవాడు, అంతలోనే లేచేవాడు. ఆకు కదిలినా ఫోను ఎత్తేవాడు.

చివరికి మడచెట్ల వేళ్ల మధ్య నుంచి నీటిపిల్లి బయటికొచ్చి, బురద గట్టు మీద గబగబా నడిచింది. జోగిరాజు దాని వెంట ఫోను తిప్పుతూ వరసపెట్టి నొక్కాడు.

"ఆగండి మాస్టారూ," అంది నూకరత్నం మెల్లగా. "చేప మీదకి దూకేముందు అది కదలకుండా కూర్చుంటది. అప్పుడు తీద్దురుగాని."

"అందాకా ఉంటుందో ఉండదో," అంటూ ఆయన లేచి నిలబడ్డాడు. నావ ఒరిగింది. తెడ్డు నీళ్లలో పడి చప్పుడైంది. పిల్లి చెట్లలోకి మాయమైంది.

తీసిన నలభై ఫోటోల్లోనూ బూడిదరంగు మరకలే ఉన్నాయి. వెలుగు తక్కువైతే కెమెరాకు కాస్త ఎక్కువసేపు కావాలని, ఆలోగా చెయ్యి కదిలినా ఎదుటిది కదిలినా బొమ్మ చెదురుతుందని పిల్లలకు పాఠం చెప్పినవాడే ఆయన. పాయ పోతే నూకరత్నం ఎలా బతుకుతుందన్నది అప్పుడు తట్టింది. ఆమె ముఖం చూడలేకపోయాడు.

ఆమె తెడ్డు అందుకుని నావను నిలబెట్టింది. ఫోను అడిగి తీసుకుని, ఎక్కడ నొక్కాలో కనుక్కుంది. మోచేతులు నావ అంచుకు ఆనించి కూర్చుంది. వెలుగు తగ్గిపోతున్న కొద్దీ జోగిరాజుకు కాళ్లు ఆగలేదు. మోకాళ్లను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

పిల్లి మళ్లీ వచ్చింది. అది నడుస్తున్నంతసేపూ నూకరత్నం వేలు కదపలేదు. అది నీటి అంచున వంగి, బిగుసుకుపోయి కూర్చున్నప్పుడు ఒక్కసారి నొక్కింది. ఒంటి మీది చుక్కలతో సహా ఫోటో తేటగా వచ్చింది.

మర్నాడు అది చూసి అధికారులు అర్జీ కొట్టేశారు. అందరూ మాస్టారిని మెచ్చుకోబోయారు. ఆ ఫోటో తీసింది నూకరత్నమని, తన తొందర వల్ల పాయ పోయేదేనని జోగిరాజు అందరి ముందూ ఒప్పుకున్నాడు.

నీతి: పనిముట్టు ఎంత గొప్పదైనా, నిలకడ లేని చేతిలో అది పనికిరాదు.