నిప్పన్న గీయని మూడో గీత

ఒకప్పుడు నీళ్లు పోస్తే నిప్పు ఆరేది కాదు. నిప్పు పడితే గడ్డి కాలేదీ కాదు. నిప్పన్న, నీళ్లక్క, గడ్డి చెల్లెలు, ముగ్గురికీ ఒకటే బలం.

ముగ్గురూ తలా ఒక జీవాన్ని పెంచుకునేవాళ్లు. నిప్పన్నకు తొండ, నీళ్లక్కకు పీత, గడ్డి చెల్లెలికి మిడత. రోజూ ఏటి ఇసుకలో వాటికి కుస్తీ పెట్టేవాళ్లు. పొద్దున మొదలైన కుస్తీ పొద్దుగూకినా తేలేది కాదు. చూసేవాళ్లకు ఒకటే ఆవలింతలు.

"ఎవరు ఎవరికి లొంగాలో ఒక పద్ధతి పెట్టుకోండర్రా," అంది మట్టి అవ్వ. అవ్వ ఒంటి మీద, అంటే నేల మీద, గీసిన గీతకు ఇక తిరుగులేదు.

"నిప్పన్న గీస్తే బాగుంటుంది. చురుకైనవాడు," అంది గడ్డి. నీళ్లక్క కూడా సరేనంది.

నిప్పన్న ఇసుకలో ఒక గీత గీశాడు. "గడ్డి నీళ్లు తాగుతుంది కాబట్టి పీత మిడతకు లొంగాలి." రెండో గీత గీశాడు. "నేను వేడి కాబట్టి మిడత నా తొండకు లొంగాలి."

"మరి నీ తొండ ఎవరికి లొంగాలి?" అని అడిగింది గడ్డి.

"అదా... రేపు చెప్తాలే."

ఆ రేపు రాలేదు. నమ్మినవాళ్లు కదా, మళ్లీ అడగలేదు.

ఇక తొండకు ఓటమన్నదే లేదు. నిప్పన్న తల ఎగరేసుకుని తిరిగాడు. ఐదో రోజు కుస్తీలో తొండ వేడికి మిడత రెక్క ఒకటి కమిలిపోయింది. గడ్డి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తిట్టలేదు.

"నువ్వు మూడో గీత మర్చిపోయావేమో అనుకున్నానన్నా," అంది, అంతే.

నిప్పన్నకు తల కొట్టేసినట్టయింది. తిడితే తిరిగి తిట్టేవాడే. ఇంత నమ్మినదానికి ఏం చెప్తాడు? పోయి మట్టి అవ్వ ముందు నిలబడ్డాడు.

"అవ్వా, నేను మర్చిపోలేదు. కావాలనే వదిలేశాను."

"నాకెందుకురా చెప్తావు? దానికి చెప్పు."

నిప్పన్న గడ్డి దగ్గరికి వెళ్లాడు. అదే మాట ఎలాగో చెప్పేశాడు. వంగి మూడో గీత గీశాడు. "నా తొండ పీతకు లొంగుతుంది. నేను నీళ్లక్కకు లొంగుతాను."

"నొప్పి పుడుతుంది తమ్ముడూ," అంది నీళ్లక్క.

"పుట్టనీ అక్కా."

నీళ్లక్క అతని నెత్తిన ఒక్క చుక్క పెట్టింది. సుయ్‌మంది. సగం ఒళ్లు నల్లటి బొగ్గయింది.

"ఇంక ఆడదామా అన్నా?" అంది గడ్డి, ఏమీ జరగనట్టే.

అలా పిలిచేసరికి అతనికి ఇంకా సిగ్గేసింది. ఆమె వైపు చూడలేక, తన బూడిదే తీసి ముఖం మీదికి లాక్కున్నాడు.

అప్పటినుంచే నీళ్లు పడితే నిప్పు సుయ్‌మని ఆరిపోతుంది. అప్పటినుంచే కణకణలాడే నిప్పు కూడా కాసేపటికి నివురు కప్పుకుంటుంది. మెల్లగా ఊది చూడండి, కింద ముఖం ఇంకా ఎర్రగానే ఉంటుంది.