మడుగు ఒడ్డున ఇప్పచెట్టు

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక లోతైన మడుగు, దాని ఒడ్డున ఒక ఇప్పచెట్టు. పూర్వం కార్చిచ్చు వచ్చినప్పుడు జంతువులన్నీ ఆ మడుగు దాటి బతికాయని, దానికి గుర్తుగా పెద్దలు ఆ చెట్టు నాటారని చెప్పుకునేవారు. ఏటా రాలిన మొదటి పూలను మడుగులో వదలాలి. ఆ తరువాతే ఎవరైనా తినాలి. అది ఆచారం. ఎందుకని మాత్రం ఎవరూ అడగలేదు.

ఒక ఏడు పూలు వదిలే వేళ అడవిపంది ముందుకొచ్చింది.

"ఆనాడు అందరినీ దాటించింది మా తాత. మొదటి పువ్వు మా వాళ్లే వదలాలి" అంది.

"మీ తాతా? బురద కనబడితే పొర్లేవాడు, దారేం చూపిస్తాడు!" అని దుప్పి నవ్వింది. "కేక వేసి అందరినీ లేపింది మా నాయనమ్మ."

"చాల్లేవోయ్! ఆకు కదిలితే ఆమడ దూరం పరుగెత్తే జాతి మీది. ముందు నడిచింది మా ముత్తాత" అని ఎలుగుబంటి గుర్రుమంది.

మడుగులోంచి ముసలి తాబేలు తల ఎత్తింది. ఆనాటివాళ్లలో మిగిలింది అదొక్కటే.

"ఆగండి నాయనా. నేను కళ్లారా చూశాను, చెబుతాను" అంది.

"నువ్వు ఒడ్డెక్కేసరికి వానాకాలం వస్తుంది అవ్వా!" అని పంది వెక్కిరించింది. అన్నీ నవ్వాయి.

పిల్లలూ, చెప్పేవాళ్లు ఉన్నప్పుడే వినాలి. అవి వినలేదు.

పంది కోరతో చెట్టు మీద తన గుర్తు చెక్కింది. దుప్పి ఊరుకుంటుందా? కొమ్ములతో ఇంకోపక్క గీరింది. మిగిలిన పక్కను ఎలుగుబంటి గోళ్లతో చీరింది. మర్నాడు వాటి చుట్టాలు వచ్చారు. ఒకరి గుర్తు చెరిపి ఇంకొకరు గీశారు.

"బెరడు తీయకండర్రా, చెట్టు చచ్చిపోతుంది!" అని తాబేలు మొత్తుకుంది. చెట్టు చుట్టూ బెరడన్నది లేకుండా పోయింది.

మరుసటి ఏడు పూల కాలం వచ్చింది. చెట్టు ఎండి నిలబడింది. ఒక్క పువ్వు లేదు. తాబేలు మెల్లగా ఒడ్డెక్కింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడు చెప్పు అవ్వా, దాటించింది ఎవరు?" అని దుప్పి అడిగింది.

"ఎవరూ దాటించలేదు. పొగలో ఎవరికి వారే దూకారు. పెద్దల కాళ్ల కింద పడి పిల్లలు నలిగిపోయారు. వాళ్లలో మీ మూడు ఇళ్ల పిల్లలూ ఉన్నారు, నా బిడ్డా ఉన్నాడు. మంట ఆరాక మీ పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూడలేక, ఏడుస్తూ ఈ చెట్టు నాటారు. సిగ్గుతో మీకు చెప్పలేదు. మొదటి పూలు ఆ పిల్లలవి."

"ఇంకో చెట్టు నాటుతాం అవ్వా" అంది పంది.

"నాటండి. అది పూసేదాకా నేను ఉండను. ఈ ఏడు నా బిడ్డకు పువ్వేదిరా?"

తాబేలు పువ్వు లేకుండా వట్టి నోటితో మడుగులోకి దిగిపోయింది.

నీతి: పెద్దల గొప్ప కోసం కొట్లాడేవాడు, వారి కన్నీటి గుర్తును తన చేతులతోనే చెరుపుతాడు.