పది అడుగుల అప్పన్న తాత

దుప్పట్లోకి దూరావా బుడ్డోడా? ఊ కొడుతూ ఉండు మరి.

అనగనగా ఒక ఊరి సెంటర్లో ఒక ఫ్లెక్సీ షాపు. అందులో పైడి అని కొత్తగా చేరిన పిల్ల. ఆ ఊళ్ళో మనిషి పోతే ఏడ్చి ఊరుకుంటారు గానీ, ఫ్లెక్సీలో ఫొటో పోతే అస్సలు ఊరుకోరు!

ఒకరోజు నూకాలు మామ్మకి తొంభయ్యో పుట్టినరోజొచ్చింది. షాపు ఓనరు గవరయ్య, "మామ్మ మధ్యలో, చుట్టూ మనవలందరూ. ఒక్క మొహం తగ్గిందా, రేపట్నుంచి నువ్వు పనిలోకి రాకు" అనేసి టీకి పోయాడు.

పైడి ముందు మామ్మ ఫొటో మధ్యలో పెట్టేసింది. కంప్యూటర్లో ఊరందరి ఫొటోల లిస్టు ఉంది. కంట్రోల్ బటన్ నొక్కిపట్టి మౌసుతో ఒక్కో పేరూ నొక్కితే, అవన్నీ నీలంగా మారతాయి. నీలంగా ఉన్నోళ్ళే ఫ్లెక్సీలోకి ఎక్కుతారు. అలా నొక్కుతూ నొక్కుతూ చివర్లో కంట్రోల్ మీంచి వేలు జారింది. ఒక్క పేరే నీలంగా మిగిలింది, మిగతా వాటి మీద నీలం మాయం!

అప్పుడు షిఫ్ట్ పట్టుకుని పై పేరూ కింది పేరూ నొక్కింది. మధ్యలో ఉన్నోళ్ళంతా వచ్చేశారు. ఎవరనుకున్నావ్? శ్రద్ధాంజలి ఫ్లెక్సీల వాళ్ళు! దండలతో సహా! పైడి కెవ్వుమంది.

ఆ తర్వాత ఊపిరి బిగబట్టి, మళ్ళీ కంట్రోల్ పట్టుకుని మనవలందర్నీ ఎంచింది. హమ్మయ్య! కింద ఇంకెవరైనా ఉన్నారేమో అని కీబోర్డు మీద కింది బాణం ఒక్కసారి నొక్కింది. అంతే! నీలమంతా ఎగిరిపోయి కింది పేరొక్కదాని మీద వాలింది. పైడి చూసుకోలేదు. ప్రింట్ కొట్టేసింది. టీ తాగొచ్చిన గవరయ్య కూడా చూడకుండా చుట్ట చుట్టి పంపేశాడు.

సాయంత్రం సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. ఊరు ఊరంతా నోరెళ్ళబెట్టింది. ఒక్క మనవడూ లేడు! "జన్మదిన శుభాకాంక్షలతో" అని మామ్మ పక్కన ఒకే ఒక్కడు. ఎప్పుడో పోయిన మామ్మ మొగుడు, అప్పన్న తాత! పది అడుగులున్నాడు! దండేసుకుని నవ్వుతున్నాడు!

"చంపావు కదే! ఇంక ఇంటికి పో!" అని గవరయ్య అరిచాడు. మనవలు "దించండ్రా దాన్ని" అని నిచ్చెనేశారు. పైడి మూల నిలబడి ఒకటే ఏడుపు.

అప్పుడు మామ్మ కర్ర నేలకేసి ఠపీమని కొట్టింది.

"ఎవడ్రా ఎక్కేది? బతికున్నన్నాళ్ళూ ఒక్క పుట్టినరోజుకీ పలకరించలేదు ఆ మనిషి. ఇవాళ ఊరందరి ముందూ చెప్పాడు. దించారంటే కాళ్ళిరగ్గొడతా!"

నిచ్చెన దిగిపోయింది. మామ్మ పైడి కళ్ళు తుడిచి, "వచ్చే ఏడు కూడా నువ్వే వెయ్యాలే పిల్లా" అంది. గవరయ్యేమో నిచ్చెన భుజానేసుకుని, "రేపు పనిలోకి తొందరగా రా" అన్నాడు!

కథేమో కంచికి,
తాతేమో సెంటరుకి,
నువ్వేమో నిద్రకి!